కవరు మాహాత్మ్యం

మా ఊరి రామాలయంలో ఒక ట్యూబులైటు ఉండేది. దాని మీద దాత పేరు, ఆయన తండ్రిగారి పేరు, ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు, తేదీ, అన్నీ ఎర్ర పెయింటుతో రాయించారు. రాత ఎక్కువై వెలుగు తగ్గింది. ఫ్యాను రెక్కల మీదా అంతే. తిరిగేటప్పుడు పేరు కనబడదు గనక, కరెంటు పోయిన పూటే ఆ దాతకు పుణ్యం దక్కేది. మెట్టుకో పేరు, గంటకో పేరు. వినాయక చవితి పందిట్లో నూటపదహార్లు రాయించి, మైకులో ఇంటిపేరు తప్పు చదివారని అలిగి వెళ్లిపోయిన పెద్దమనిషిని నేను కళ్లారా చూశాను.

అటువంటి జాతిలో, ఒక్కొక్కటి కోటి రూపాయలు చేసే కాగితం కొని, రాజకీయ పార్టీకి సమర్పించుకుని, నా పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి అని తలవంచుకుని వెళ్లిపోయే మహానుభావులు పుట్టుకొచ్చారంటే కలియుగం మీద నాకు మళ్లీ నమ్మకం కుదిరింది. సంక్రాంతికి గుమ్మడికాయకు గంటు పెట్టి, లోపల నాణెం దాచి దానమిచ్చేవాళ్లు మన పెద్దలు. గుప్తదానమంటే అదే. ఎలక్టోరల్ బాండు ఆ సంప్రదాయాన్ని బ్యాంకు కౌంటరు దాకా తెచ్చింది. పైగా ఒక మెరుగు కూడా దిద్దింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే పని ఇక్కడ ఎవరికీ లేదు.

ఆ పథకం 2018 జనవరి 2న పుట్టి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో కన్నుమూసింది. అయిదుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా రాజ్యాంగ విరుద్ధమన్నారు. బతికింది ఆరేళ్ల చిల్లర. అయితేనేం, 16,518 కోట్ల రూపాయల పుణ్యం మూటగట్టుకుని పోయింది. ఇంత చేసినా ఎవరూ సంస్మరణ సభ పెట్టలేదు, పటానికి దండ వేయలేదు. ఆ లోటు తీర్చుకుందామనే ఈ నాలుగు మాటలు.

పుట్టుకలోనే దైవాంశ కనిపించింది. 2017లో ద్రవ్యబిల్లు కడుపున పడింది. ద్రవ్యబిల్లంటే రాజ్యసభ కాదనడానికి వీల్లేనిది. పెద్దల సభలోని పెద్దలను ఆ వయసులో చర్చలతో శ్రమపెట్టడం ఎందుకన్న దయ తప్ప ఇందులో వేరే ఉద్దేశం ఉందని నేననుకోను. రిజర్వు బ్యాంకు వద్దంది. ఎన్నికల సంఘం ఆ మే నెలలో, ఇది వెనకడుగు అని కేంద్రానికి ఉత్తరం రాసింది. శుభకార్యానికి బయల్దేరేటప్పుడు తుమ్మేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరితే సరిపోతుంది. అలాగే బయల్దేరారు.

వెయ్యి, పదివేలు, లక్ష, పదిలక్షలు, కోటి. అయిదు రకాల కాగితాలు. స్టేట్ బ్యాంకు వాళ్ల 29 శాఖల్లో మాత్రమే దొరికేవి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పదేసి రోజులు అమ్మకం, తిరునాళ్ల లెక్కన. ఎన్నికల ఏడాదిలో అధిక మాసం వచ్చినట్టు అదనపు రోజులు కలిసేవి. వెయ్యి రూపాయల బాండు మీలాంటి, నాలాంటి వాళ్ల కోసం పెట్టారు. మనమే అందుకోలేకపోయాం. వసూలైన సొమ్ములో నూటికి తొంభై పైగా కోటి రూపాయల కాగితాలదే. దానగుణం అందరికీ రాదు కదా.

అంతకుముందు కంపెనీల చట్టంలో ఒక పిసినారి నిబంధన ఉండేది. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదట. దాన్ని పీకేశారు. ఇక లాభం రాకపోయినా ఇవ్వవచ్చు, నష్టాల్లో మునిగి ఉన్నా ఇవ్వవచ్చు. ఉన్నవాడు ఇస్తే గొప్పేముంది? కవచకుండలాలు కోసి ఇస్తున్న కర్ణుణ్ణి ముందు బ్యాలెన్సు షీటు చూపించమని ఇంద్రుడు అడిగాడా? పుచ్చుకునే పార్టీ కూడా ఎవరిచ్చారో రాసుకోనక్కర్లేదన్నారు. అడగని దాత, రాయని పరిగ్రహీత. ధర్మశాస్త్రాల్లో కూడా ఇంత నిష్కామకర్మ లేదు.

ఇక్కడ పాట్నా కవరు కథ చెప్పకపోతే పాపం తగులుతుంది. 2019 ఏప్రిల్ 3. పాట్నాలోని జనతాదళ్ యునైటెడ్ పార్టీ ఆఫీసు. ఎవరో ఒకాయన వచ్చి, అంటించిన కవరు ఒకటి ఇచ్చి వెళ్లిపోయాడు. విప్పి చూస్తే పది బాండ్లు, ఒక్కొక్కటి కోటి. పేరు లేదు, ఊరు లేదు, చిన్న చీటీ లేదు. ఆ పార్టీవాళ్లు ఆనక ఎన్నికల సంఘానికి ఇదే రాసిచ్చారు: ఇచ్చింది ఎవరో మాకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన గుమ్మంలోకి ఎవరైనా ఆవకాయ జాడీ తెచ్చి పెట్టినా, ఎవరమ్మా, ఎవరి తాలూకు అని వీధి మలుపు దాకా వెంటపడతాం. పది కోట్లు వచ్చినా ఆ పార్టీ వాకిట్లోకి తొంగి చూడలేదు. ఆ వైరాగ్యం శుక మహర్షికి ఉండి ఉండాలి, ఆ తరవాత వీళ్లకే. సమాజ్‌వాదీ పార్టీకి అలాగే పది కోట్లు పోస్టులో వచ్చాయి, పేరు లేకుండా. తృణమూల్ కాంగ్రెస్ వాళ్లయితే, ఆఫీసు బయట పెట్టెలో ఎవరో వేసి వెళుతుంటారని చెప్పారు. మా అపార్టుమెంటులో అలాంటి పెట్టె ఒకటి ఉంది. అందులో పిజ్జా కాగితాలు, కరెంటు బిల్లులు తప్ప ఏమీ పడవు. వాస్తు లోపం.

ఈ సంగతులు మనకు తెలియడం కూడా కవరు దయవల్లనే. 2019 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: పార్టీలు తమకు ఎవరిచ్చారో సీలు వేసిన కవర్లలో ఎన్నికల సంఘానికి ఇవ్వాలని. ఇచ్చారు. సంఘం వాటిని భద్రంగా దాచింది. ఒక సార్వత్రిక ఎన్నిక అయిపోయి, రెండోది గుమ్మంలోకి వచ్చాక, 2024 మార్చిలో అవి తెరుచుకున్నాయి. ఊరగాయ ఊరాలంటే టైము పడుతుంది. 2017లో వేసిన పిటిషన్ మీద 2024లో తీర్పు రావడం కూడా నిదానమే ప్రధానం అన్న సామెత తెలిసిన న్యాయస్థానం కాబట్టే.

దాత పేరు ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. కొన్నవాడి పాన్ కార్డు, ఆధార్, చిరునామా బ్యాంకులో ఉన్నాయి. 2018లో ఒక పాత్రికేయురాలు వెయ్యి రూపాయల బాండ్లు కొని ప్రయోగశాలకు పంపితే, అతినీలలోహిత కాంతిలో ఒక రహస్య సంఖ్య కనిపించింది. మామూలు కంటికి కనబడదు. దొంగనోట్ల భయంతో పెట్టిన రక్షణ గుర్తు మాత్రమేనని ప్రభుత్వం చెప్పింది. నమ్మాలి. సరే, బ్యాంకుకు తెలుసు. ఇచ్చినవాడికి తానిచ్చినట్టు తెలుసు. పుచ్చుకున్నవాడి చెవిన వేయకుండా కోట్లు పోసే వ్యాపారి ఉంటాడా అని మాత్రం అడక్కండి, అది దాతృత్వాన్ని శంకించడం. ఒక్క ఓటరుకే తెలియదు. తెలిస్తే దిష్టి తగులుతుంది మరి. పౌరులకు ప్రతిదీ తెలుసుకునే హక్కు ఉండదని కేంద్రం తరఫున 2023 అక్టోబరులో కోర్టుకు రాసిచ్చింది కూడా ఆ ఆపేక్షతోనే అయి ఉండాలి.

తీర్పు తరవాత స్టేట్ బ్యాంకు చూపిన శ్రద్ధ గురించి తెలుగులో ఇంకా సరైన ప్రశస్తి రాలేదు. మార్చి 6కల్లా వివరాలు ఇవ్వమంది కోర్టు. రెండు రోజుల ముందు బ్యాంకు వచ్చి జూన్ 30 దాకా గడువు అడిగింది. ఉన్నవి 22,217 బాండ్లు. కొన్నవాళ్ల వివరాలు ఒకచోట, మార్చుకున్న పార్టీల వివరాలు ఇంకోచోట, రెండూ సీలు కవర్లలో ముంబయి శాఖలో ఉన్నాయని, వాటిని జత కలపాలని చెప్పింది. ఫోన్లో మనం పదిరూపాయల టీకి డబ్బు పంపితే అవతల స్పీకరు పది రూపాయలు వచ్చాయని అరిచే దేశంలో ఇది. లోక్‌సభ ఓట్ల లెక్కింపు జూన్ 4న అయిపోయింది. జూన్ 30న ఇచ్చి ఉంటే ఓటరు ప్రశాంతంగా ఓటేసి, ఫలితాలు చూసుకుని, వానాకాలం మొదట్లో తీరిగ్గా చదువుకునేవాడు. పరీక్షల ముందు పిల్లల మనసు పాడు చేయకూడదని పెద్దలు చెడ్డ కబురు దాచిపెడతారు చూడండి, అలాంటి ఆదరణ.

కోర్టు ఒప్పుకోలేదు. కవరు చించి ఇవ్వండి, చాలు అంది. మార్చి 11న అంది, 12న బ్యాంకు ఇచ్చేసింది. నాలుగు నెలల పని ఒక్క రోజులో! ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో పని నెమ్మది అనేవాళ్లు ఇది చదివి నోరు మూసుకోవాలి. ఎవరి బాండు ఎవరికి చేరిందో చెప్పే ఆ రహస్య సంఖ్యలు మాత్రం మర్చిపోయారు. మళ్లీ అడిగించుకుని మార్చి 21న ఇచ్చారు. దొంతులు దించేటప్పుడు అడుగు కుండ చివరికి వస్తుంది, తప్పేముంది.

ఆ జాబితా చూశాక తెలుగువాడిగా నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. దేశంలో అందరికంటే ఎక్కువ బాండ్లు కొన్నది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. లాటరీ తగలని లక్షల మంది డబ్బుతో పార్టీలకు లాటరీ తగిలింది. రెండో స్థానం ఎవరిదనుకున్నారు? మన హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. పుచ్చుకున్న వాళ్లలో బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు, వైఎస్సార్‌ కాంగ్రెస్‌కు 337, తెలుగుదేశానికి 219. తెలుగువాళ్లకు ఐకమత్యం లేదన్నది ఎవరు? అసెంబ్లీలో ఒకరి మీద ఒకరు మైకులు విరగ్గొట్టుకునే వాళ్లు ఈ ఒక్క పంక్తిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. అన్నిటికంటే పెద్ద విస్తరి, 6,060 కోట్లది, కేంద్రంలో ఉన్న పార్టీ ముందు వేశారు. ఇంటి పెద్దకు కొసరి వడ్డించడం మన మర్యాద. వేసిన విస్తరి తోసేసి, పైగా కోర్టుకెక్కింది సీపీఎం. మర్యాద తెలియని మనుషులు.

2019 ఏప్రిల్ 12కు ముందు ఏడాది పైగా బాండ్లు కొన్నవాళ్ల పేర్లు బ్యాంకు ఇప్పటికీ బయటపెట్టలేదు. తీర్పు ఆ తేదీ దగ్గర గీత గీసింది. ఆ పుణ్యాత్ముల గుప్తదానం గుప్తంగానే ఉండిపోయింది. వాళ్లు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఇచ్చినవాళ్లను ఇంత పొగిడి, ఖర్చుపెట్టే వాళ్ల పొదుపును పొగడకపోతే పక్షపాతం అవుతుంది. మన రాష్ట్రాల్లో ఎమ్మెల్యే అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు చేయకూడదు, ఎంపీ అభ్యర్థి 95 లక్షలకు. మించరు కూడా. గెలిచినవాళ్లు దాఖలు చేసే లెక్కలు చూస్తే పరిమితిలో సగం దగ్గరో, కాస్త పైనో ఆగిపోతాయి. మా అన్నయ్య కూతురి పెళ్లి ఒక రాత్రి కల్యాణమండపంలో చేస్తే ఇరవై లక్షలు దాటింది, అందులో హెలికాప్టరు లేదు. రెండున్నర లక్షల ఓటర్లను వారాల తరబడి తిప్పి, తినిపించి, తాగించి, జెండాలు కట్టించి, ఆ డబ్బులోనే గట్టెక్కే ఇల్లాలి నేర్పు ఈ నాయకులకు ఎవరు నేర్పారో గాని, వాళ్ల చేతికి రాష్ట్ర బడ్జెట్ ఇవ్వడం న్యాయమే.

ఆ లెక్కల పుస్తకం మీరు చూశారో లేదో. మూడు రంగులు. రోజువారీ ఖర్చుకు తెల్ల కాగితాలు, నగదుకు గులాబీ, బ్యాంకు ఖాతాకు పసుపు. టీ ఎంత, ప్లేటు ఇడ్లీ ఎంత, కుర్చీ రోజు అద్దె ఎంత, డప్పు కళాకారుడికి ఎంత అని జిల్లా అధికారులు ధరల పట్టిక ఇస్తారు. ఇడ్లీకి ధర ఉంది, సమోసాకు ధర ఉంది. ఓటుకు ధర మాత్రం పట్టికలో ఉండదు. అది మార్కెట్టు మీద వదిలేశారు. భద్రాచలం రామదాసు సీతమ్మ పతకానికి ఎంతయిందో, లక్ష్మణుడి నగకు ఎంతయిందో చెరసాలలో కూర్చుని రాముడికే లెక్క అప్పజెప్పాడు. తెల్ల కాగితం, గులాబీ కాగితం తెలియని అమాయకుడు. పార్టీ ఖాతాలో రాసేస్తే పోయేది.

ఆ వెసులుబాటు వెనక చరిత్ర ఉంది. ఢిల్లీ సదర్ స్థానానికి 1971లో జరిగిన ఎన్నికపై కన్వర్‌లాల్ గుప్తా దావా వేశాడు. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని సుప్రీంకోర్టు 1974 అక్టోబరు 3న చెప్పింది. ఆ నెల తిరక్కుండానే ఆర్డినెన్సు వచ్చింది, ఏడాది తిరక్కుండానే చట్టమైంది: పార్టీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదు. ఎగువన గండి పడ్డాక నెలల తరబడి పూడ్చని ప్రభుత్వాలు చట్టానికి పడ్డ గండిని ఇంత చురుగ్గా పూడ్చాయంటే శ్రమదానమని మెచ్చుకోవాలి. పార్టీలు ఎంత ఖర్చుపెట్టినా పరిమితి లేదు, ఆనాడూ లేదు, ఇవాళా లేదు.

కవరు కథ పాట్నాతో అయిపోయిందనుకునేరు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో కొన్ని ఊళ్ల ఓటర్లు, పక్క వీధికి డబ్బు కవర్లు అందాయి, మాకు అందలేదు అని రోడ్డెక్కారు. సమన్యాయం కోసం చేసిన పోరాటమది. పెద్ద కవరు పైకెళుతుంది, చిన్న కవరు కిందికొస్తుంది. రెండింటి మీదా పేరు ఉండదు. ఒక తేడా ఉంది. కింది కవరు తీసుకున్నవాడిని అందరూ తిడతారు.

గొడవపడితే కోర్టులున్నాయి. ఎన్నిక చెల్లదనుకున్నవాడు ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేయాలి, ఒక్కరోజు ఆలస్యమైతే పనికిరాదు. ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టం కోర్టును కోరుతుంది. అంత మృదువుగా కోరుతుంది. గద్వాలలో 2018లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడిన డి.కె. అరుణ గెలిచినట్టు 2023 ఆగస్టు 24న హైకోర్టు ప్రకటించింది. అప్పటికి ఆమె బీజేపీలో ఉన్నారు. మరో మూడు నెలల్లో మళ్లీ ఎన్నికలు. ఈలోగా సుప్రీంకోర్టు స్టే. ఒకే పోటీలో ఒక పార్టీ తరఫున ఓడి, ఇంకో పార్టీలో ఉండగా గెలిచే సౌకర్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? కొత్తగూడెంలోనూ ఆ జులైలోనే అలాంటి తీర్పు, ఆ వెంటే స్టే.

వేములవాడది వేరే రికార్డు. చెన్నమనేని రమేశ్ పౌరసత్వం మీద ఆది శ్రీనివాస్ పోరాటం 2009 ఎన్నికతో మొదలైంది. రమేశ్ ఆ ఏడాది గెలిచారు, 2010 ఉప ఎన్నికలో గెలిచారు, 2014లో, 2018లో గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరు 9న తేల్చి, 30 లక్షలు కట్టమంది. అప్పటికి ఏడాది ముందే ఆది శ్రీనివాస్ ఓట్లతోనే ఎమ్మెల్యే అయిపోయారు. తొందరపడి తీర్పు ఇచ్చి ఉంటే, నియోజకవర్గానికి అంత సుదీర్ఘమైన అంతర్జాతీయ ప్రాతినిధ్యం దక్కేదా?

మిగిలింది ఓటరు. పోలింగు రోజు బూతుకు దూరంగా, టెంటు కింద ప్లాస్టిక్ బల్ల వేసుకుని కుర్రాళ్లు చీటీలు రాస్తుంటారు చూడండి. ఒకసారి అక్కడ ఒక ముసలావిడ నిలబడి ఉంది. కార్డు ఇచ్చింది. కుర్రాడు వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, ఇంటి నంబరుతో వెతికాడు. "పేరు లేదు పెద్దమ్మా" అన్నాడు. "నేనున్నాగా బాబూ" అంది ఆవిడ. కార్డు మీది ఫోటో చూపించింది. పోయినసారి వేసిన సంగతి చెప్పింది. కుర్రాడు వెనక వరసలో ఉన్న మనిషి కార్డు అందుకున్నాడు.

2018 డిసెంబరు 7న హైదరాబాదులో ఇలా ఎంతమంది తిరిగి వెళ్లారంటే, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. ఆ మరుసటి ఏడాది ఎన్నికల ముందు ఆంధ్రలో పేర్లు తీసేయమని ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. కొన్నిటిని ఎవరి పేరుతో పెట్టారో ఆ మనుషులకే తెలియదు. దాత పేరును అయిదేళ్లు సీలు వేసి కాపాడిన వ్యవస్థ ఓటరు పేరు విషయంలో ఇంత ఉదారంగా ఉండడం గమనించాలి. ఓటరు పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఇంటి నంబరు కాగితం మీద అచ్చువేసి ఊరంతా పంచుతారు. అందులో దాపరికం ఏమీ లేదు.

బాండు పోయిందని దాతలు బెంగపెట్టుకోనక్కర్లేదు. 20,000 రూపాయలకు మించని విరాళం ఇస్తే పార్టీ ఇవాళ కూడా ఎన్నికల సంఘానికి పేరు చెప్పనక్కర్లేదు. బహుజన సమాజ్ పార్టీ తనకు 20,000 దాటిన విరాళం ఒక్కటి కూడా రాలేదని ఏళ్ల తరబడి ప్రకటించుకుంటూ వచ్చింది.

మీరు మాత్రం ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే ఫారం-6 నింపి ఇవ్వాలి. ఫీజు లేదు, కవరు అక్కర్లేదు. పేరు రాయకుండా ఇస్తే తీసుకోరు.